వంటాయన దీక్ష, మా ఎకో మిషను

ఆ మిషను మా క్లినిక్కుకు వచ్చిన రోజు నేను మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయాను. అప్పటిదాకా నేను పనిచేసిన ఎకో మిషను బీరువా అంత ఉండేది. దాన్ని గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరపాలంటే ఇద్దరు కావాలి. ఇది చేతిసంచీలో పట్టేది. మూత తెరిస్తే తెర, దాని కింద మీటలు, పక్కన తీగ చివర అరచేతిలో ఇమిడే ప్రోబు. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. తలుపు దగ్గరికి వేసుకుని, చొక్కా గుండీలు విప్పి, నా ఛాతీ మీద నేనే జెల్ రాసుకుని నా గుండె కవాటాలు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు వచ్చారో మేడమ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"ఏమయ్యా, నీ గుండె నీకే నచ్చిందా?" అన్నారు.

మా క్లినిక్కు తార్నాకలో ఒక మందుల దుకాణం మీద, మొదటి అంతస్తులో ఉండేది. మేడమ్ గుండె డాక్టరు, సొంతూరు వరంగల్ వైపు. మా సిస్టర్ బౌద్ధనగర్ నుంచి వచ్చేది. చర్చి బడిలో టీచరు ఉద్యోగం దొరికి వాళ్ళ నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మా ఇల్లు సీతాఫల్‌మండి. మా అమ్మానాన్నలు కృష్ణా జిల్లా వాళ్ళు. నాన్న రైల్వేలో గుమాస్తా. నేను పుట్టింది, చదివింది, ఎకో టెక్నీషియన్ కోర్సు చేసింది అంతా ఈ చుట్టుపక్కలే. గుండె మీద ప్రోబు ఆనించి, శబ్దతరంగాలతో లోపలి బొమ్మ తీసి, కొలతలు రాసి మేడమ్‌కు అందించడం నా పని.

నాకు ప్రతిదీ వరసలో ఉండాలి. కూరగాయలు తెచ్చినా సంచీలో బరువైనవి కిందికి, మెత్తనివి పైకి వెళ్ళకపోతే మనసు ఊరుకోదు. ఎకో నా స్వభావానికి సరిగ్గా సరిపోయిన పని. అందులో అయిదు చోట్ల చూడాలి. రొమ్ము ఎముక పక్కన నిలువుగా, అక్కడే అడ్డంగా, ఆ తర్వాత గుండె కొన దగ్గర, పొట్ట పైభాగాన, చివరికి గొంతు కింద ఉండే గుంటలో. ఆ చివరి చోటును చాలామంది వదిలేస్తారు. అక్కడ ప్రోబు నొక్కితే గొంతు పిసికినట్టుంటుందని పేషెంట్లు విసుక్కుంటారు, పైగా నూటికి తొంభైతొమ్మిది మందిలో కొత్తగా కనిపించేదేమీ ఉండదు. మాకు పాఠం చెప్పినాయన మాత్రం, గుండె నుంచి బయటికి వచ్చే పెద్ద రక్తనాళం మెడ కింద వంపు తిరిగే చోటు అదొక్కటే కనుక అది చూడకుండా చెయ్యి తీయొద్దని చెప్పేవాడు. నేను తీసేవాణ్ణి కాదు.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్ అట్టుడుకుతున్న రోజులు. క్లినిక్కు కిటికీలోంచి చూస్తే రోజుకో ఊరేగింపు వెళ్ళేది. డప్పుల మోత వినగానే కింద మందుల దుకాణం వాడు షట్టరు సగం దించేవాడు, ఊరేగింపు దాటగానే మళ్ళీ ఎత్తేవాడు. టియర్ గ్యాస్ వదిలిన రోజు మా పేషెంట్లు కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కేవారు. క్యాంపస్ వైపు వెళ్ళొద్దని అమ్మ రోజూ పొద్దున్నే చెప్పేది. నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవాడు. నాకైతే నిజం చెప్పాలంటే ఆ డప్పులు వినిపిస్తే కాలు నిలిచేది కాదు. ఎవరి పక్షమని నన్ను నేను ప్రశ్నించుకోకముందే కిటికీ దగ్గర ఉండేవాణ్ణి.

క్యాంపస్‌లో పెద్ద రాతి భవనానికి కాస్త దూరంలో రిలే నిరాహార దీక్షల పందిరి ఉండేది. రోజుకొక బృందం కూర్చుంటుంది. ఒకనాడు లాయర్లు, ఒకనాడు లెక్చరర్లు, ఒకనాడు చాకలి సంఘం వాళ్ళు. పొద్దున మెడలో దండ వేసి, ఎడమ జబ్బకు ఒక గుడ్డ పట్టీ కట్టి కూర్చోబెడతారు. సాయంత్రం నిమ్మరసం తాగించి ఆ పట్టీ విప్పుతారు. పట్టీ విప్పితే దీక్ష అయిపోయినట్టు. మధ్యలో ఎవరూ దాన్ని ముట్టుకోరు. కూర్చున్న వాళ్ళ ఆరోగ్యం మేం చూస్తామని మేడమ్ ఒప్పుకున్నారు. మధ్యాహ్నం పూట సిస్టర్ వెళ్ళి బీపీలు చూస్తుంది, వయసు మళ్ళినవాళ్ళకు నేను కొత్త మిషనుతో ఎకో చేస్తాను. అమ్మకు ఆ సంగతి చెప్పలేదు.

పందిరి చూసుకునే పరిశోధక విద్యార్థి ఒకతను ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మైకు చేతిలో ఉండేది. మొదటి రోజే నా యాస పట్టేశాడు.

"అన్నా, నువ్వు ఆంధ్రోళ్ళ పిలగానివి గదా. నీ మిషన్ మా గుండెలు సక్కగ సూపిస్తదా?"

"మిషన్ది సీతాఫల్‌మండే అన్నా, నాలాగే," అన్నాను. నవ్వి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత నన్ను 'డాక్టర్ సాబ్' అని పిలవడం మొదలుపెట్టాడు. కాదని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

ఆ రోజు హాస్టల్ మెస్సు పనివాళ్ళ వంతు. ఆ వంతు కోసం వాళ్ళు చాలారోజులుగా అడుగుతున్నారు. మెస్సు మూతపడితే పిల్లలేం తింటారని వాయిదా వేస్తూ వచ్చారట. చివరికి పిల్లలే ఒక పూట అటుకులతో సరిపెట్టుకుంటామని ఒప్పుకున్నారు. వరసలో మొదట కూర్చున్నది పెద్ద వంటాయన. అందరూ కాకా అనేవారు. భారీ మనిషి, తెల్ల మీసాలు, నూనె మరకల బనీను బదులు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వచ్చిపోయే ప్రతివాడూ ఒక మాట విసిరి పోతున్నాడు. కాకా, ఆకలంటే ఎట్లుంటదో ఇయ్యాల తెలిసిందా అని ఒకడు, నీ సాంబారు తినుడు కన్నా దీక్షే నయమని ఇంకొకడు. ఆయన కూడా వదిలిపెట్టడం లేదు. సాంబారు మీద మాటన్న కుర్రాడికి రేపు గిన్నె అడుగు గీకి పెడతానని వాగ్దానం చేశాడు.

అయితే మేం వెళ్ళేసరికి ఆయన మాటలు తగ్గాయి. నుదుటి మీద చెమట. చలికాలం మధ్యాహ్నం, పందిరి కింద చల్లగానే ఉంది. సిస్టర్ ఎప్పటిలాగే వరసలో ఒక్కొక్కరి కుడి జబ్బకు బీపీ పట్టీ చుట్టుకుంటూ వచ్చింది. ఎడమ జబ్బకు దీక్ష పట్టీ ఉంటుంది కనుక అక్కడ అందరికీ కుడి చెయ్యే చూసేది. కాకాకు తొంభై వచ్చింది. మళ్ళీ చూసింది, మళ్ళీ తొంభయ్యే.

"నీరసం అండి. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు కదా," అంది సిస్టర్. కొంచెం ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగమంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఛాతీ పట్టినట్టుందని, వీపు మధ్యలో కూడా గుంజుతోందని ఒప్పుకున్నాడు గానీ అది నిన్న గేటు దగ్గర వదిలిన పొగ పీల్చడం వల్లనేనన్నాడు. నిన్న ఆ పొగలో అందరూ ఉన్నారు. కాబట్టి అందరూ ఆ మాట నమ్మారు. పొగ, ఆకలి, నీరసం. మూడు కారణాలూ ఆ పందిట్లో ప్రతి మనిషికీ ఉన్నవే.

ఛాతీ నొప్పి మాట వినగానే సిస్టర్ తన సంచీలోంచి గుండెపోటు బిళ్ళలు తీసింది. రక్తాన్ని పలుచన చేసే బిళ్ళలవి, నాలుగు నమిలించాలి. అది మా క్లినిక్కు పద్ధతే. ఆయన నోరు గట్టిగా మూసుకున్నాడు.

"పొద్దు గూకే దాక ఏదీ నోట్లె వెయ్య," అన్నాడు. "వంటోడు ఒక్కరోజు ఆకలికి ఆగలేకపాయె అనిపిస్తరా నన్ను?"

కనీసం ఎకో అయినా చేయనివ్వమని అడిగాను. లోపలికి ఏదీ పోదు, పైన జెల్ రాస్తానంతే అని చెప్పాను. చాప మీదనుంచి లేపనంటేనే ఒప్పుకుంటానన్నాడు. అక్కడే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాం. మిషను తెరిచాను. ఎండ వెలుతురుకు తెర మీద ఏమీ కనబడలేదు. పరిశోధక విద్యార్థి సంగతి గ్రహించి, వెనక కట్టిన బ్యానరు విప్పించి, మెస్సు పనివాళ్ళ చేత నాలుగు కొసలూ పట్టించి మా మీద గుడారంలా ఎత్తించాడు. 'మెస్సు కార్మికుల దీక్ష' అన్న అక్షరాలు లోపలివైపు తిరగేసి కనిపిస్తున్నాయి. ఆ నీడలో తెర వెలిగింది.

మొదటి చోటులోనే నా చెయ్యి ఆగిపోయింది.

గుండె నుంచి పెద్ద రక్తనాళం మొదలయ్యే చోటు ఉండాల్సిన దానికంటే బాగా ఉబ్బి ఉంది. కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతోంది. నెత్తురు ఎటు పోతోందో చూపే రంగు తెర మీద వేసి చూస్తే ఎర్రటి ధార వెనక్కి తన్నుతోంది. ఆ ఉబ్బిన నాళం లోపల, వెంట్రుక అంత గీత ఒకటి అల్లాడుతోంది.

ఆ గీత పుస్తకంలో బొమ్మగా నాకు బాగా తెలుసు. రక్తనాళం గోడలో లోపలి పొర చిరిగితే రక్తం ఆ చిరుగులోంచి గోడ మధ్యకు చొరబడి పొరను విడదీసుకుంటూ పోతుంది. ఆ విడిపోయిన పొర నెత్తురు దెబ్బకు జెండాలా కొట్టుకుంటుంది. చూస్తూ కూర్చుంటే గంటగంటకూ ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్ తప్ప మార్గం లేదు. అయితే నాకు పాఠం చెప్పినాయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ నాళంలో శబ్దం అటూ ఇటూ తగిలి లేని గీతను ఉన్నట్టు చూపిస్తుంది. దాన్ని ఆయన దొంగ గీత అనేవాడు. దొంగ గీతను చూసి మనిషి ఛాతీ కోయించిన వాళ్ళున్నారని భయపెట్టేవాడు. పట్టుకోవడానికి మూడు ప్రశ్నలు నేర్పాడు.

గీత తన లయలో తాను కదులుతోందా, గోడతో పాటే కదులుతోందా? గీత మీద ఒక్క శబ్ద కిరణం నిలిపి చూశాను. గోడ ఒక తీరుగా పోతుంటే గీత ఇంకో తీరుగా ఎగురుతోంది. రంగు వేస్తే నెత్తురు గీతను లెక్కచేయకుండా దాటిపోతోందా? లేదు, గీత దగ్గరికి వచ్చి ఆగిపోయింది, గోడ కట్టినట్టు. మూడోది, ఇంకో చోటు నుంచి చూసినా కనిపిస్తోందా?

మధ్యలో చోట్లు దాటేసి నేరుగా గొంతు కింది గుంటలోకి వెళ్ళాను. నా జీవితంలో వరస తప్పిన ఎకో అదొక్కటే.

"గొంతు పిసుకుతవేంది బిడ్డా," అన్నాడు కాకా, కళ్ళు మూసుకునే.

వంపు కనబడింది. వంపు లోపల గీత కూడా కనబడింది. అలాగే అల్లాడుతూ, కుడిచేతికి వెళ్ళే కొమ్మ మొదట్లోకి దూరిపోతోంది.

అప్పుడు నాకు కలిగినదాన్ని భయమని రాస్తే అబద్ధం. ఒళ్ళు ఝల్లుమంది. మూడు ప్రశ్నలకూ జవాబులు వరసగా, లెక్క తేలినట్టు తేలాయి. వెంటనే ఇంకో జవాబు కూడా దానంతటదే వచ్చి పక్కన నిలబడింది. కుడిచేతి కొమ్మను ఆ పొర మూసేస్తుంటే కుడి చేతిలో బీపీ తక్కువే వస్తుంది. అది నీరసం కాదు.

"సిస్టర్, ఎడమ చెయ్యి చూడండి," అన్నాను.

ఆమె బీపీ పట్టీ అందుకుంది. కాకా మాత్రం ఎడమ చెయ్యి పొట్ట కిందికి దాచుకున్నాడు. పట్టీ విప్పితే దీక్ష పోయినట్టేనని, ముట్టొద్దని అన్నాడు. బ్యానరు కిందికి పరిశోధక విద్యార్థి తల దూర్చాడు. మైకు చంకలో పెట్టుకున్నాడు.

"కాకా, పొద్దుగాల కట్టింది నేనే గదా. ముడి ఇప్ప. కిందికి జరుపుత అంతే. నీ దీక్షకు నేను జామీను."

ముడి విప్పకుండా ఆ పట్టీని మెల్లగా మోచెయ్యి దాటించి మణికట్టు దాకా జారవిడిచాడు. సిస్టర్ బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. గాలి వదులుతూ ముల్లు చూస్తుంటే ఆమె పెదవులు కదిలాయి.

"నూట ఎనభై," అంది. "ఆ చేతికి తొంభై, ఈ చేతికి నూట ఎనభై. ఓ ప్రభువా." చాప మీద పెట్టిన బిళ్ళల వైపు చూసుకుని, వాటిని సంచీలో అడుక్కి తోసేసింది.

మేడమ్‌కు ఫోను చేసి కనిపించింది కనిపించినట్టు వరసలో చెప్పాను. ఉబ్బు, కారుతున్న కవాటం, గీత, మూడు ప్రశ్నలు, రెండు చేతులు. వస్తున్నానన్నారు. తార్నాక నుంచి స్కూటర్ మీద, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, గేటు దగ్గర పోలీసులతో ఏం మాట్లాడారో గానీ నేను జెల్ తుడిచేలోపే వచ్చారనిపించింది. బ్యానరు కిందికి వంగి ప్రోబు తానే అందుకున్నారు. చాలాసేపు చూడలేదు. మొదటి చోటు, అయిదో చోటు. లేచి పెద్ద ఆసుపత్రి సర్జనుకు ఫోను కలిపి, గుండె చుట్టూ ఇంకా నెత్తురు చేరలేదని, వెంటనే తెస్తున్నామని చెప్పారు. ఆ తర్వాత సిస్టర్ వైపు తిరిగి మనిషి చేత ఏమైనా మింగించారా అని అడిగారు.

"లేదండీ. నోరు తెరిస్తేగా."

చిరిగిన రక్తనాళంతో ఉన్న మనిషికి రక్తం పలుచన చేసే బిళ్ళలు పడితే నెత్తురు కారడం ఆగదని మా ముగ్గురికీ తెలుసు. మేడమ్ కాకా పక్కన చాప మీద కూర్చున్నారు.

"మొండితనం ఒకసారికి పనికొచ్చింది కాకా. ఇగ లెవ్వాలె. ఆపరేషన్ కావాలె నీకు, ఇయ్యాలనే."

"పొద్దు గూకినంక వస్త మేడం."

"అప్పటిదాక నువ్వు ఉంటవన్న నమ్మకం నాకు లేదు."

ఆమె అంత సూటిగా చెప్పడం అంతకుముందు నేను వినలేదు. కాకా కళ్ళు తెరిచాడు. వరసలో ఉన్న మిగతా పనివాళ్ళు చేతుల్లో బ్యానరు కొసలతో అలాగే నిలబడ్డారు. ఎంతకాలం బతిమాలుకుంటే వచ్చిన రోజది, తాను లేచిపోతే వాళ్ళందరి పరువూ పోతుందని ఆయన గొణిగాడు. మెస్సోళ్ళు ఒక్క పూట కూసోలేకపాయిరని రేపట్నుంచి ప్రతి పిలగాడూ అంటడన్నాడు. ఆయన మణికట్టు మీది పట్టీని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. నాకు అర్థమైంది. ఆ మనిషి చావుకు భయపడటం లేదు. ఆ పట్టీ విప్పడానికి భయపడుతున్నాడు.

మేడమ్ ఆ పట్టీ వంక చూశారు.

"దీక్ష ఆపమని ఎవలన్నరు నిన్ను?" అన్నారు. "ఆపరేషన్‌కు కడుపు ఖాళీగ ఉండాలె. ఇప్పుడు నువ్వు నిమ్మరసం తాగుతనన్నా నేను తాగనియ్య. అంబులెన్సుల తాగనియ్య, ఆడ తాగనియ్య. వీళ్ళంత సాయంత్రం తాగి ఇంటికి పోతరు. నువ్వొక్కనివే ఇంక దీక్షల ఉంటవ్."

కాకా మీసాల కింద ఏదో కదిలింది. పరిశోధక విద్యార్థి ముఖం చూశాడు. అతను అప్పటికే మైకు పట్టుకుని పందిరి ముందుకు వెళ్ళాడు. కాకా దీక్ష విరమించడం లేదని, వైద్యుల సలహా మీద దీక్షను పందిట్లోంచి ఆసుపత్రికి మారుస్తున్నాడని, ఆయన జాగా సాయంత్రం దాకా ఎవరూ కూర్చోకుండా ఖాళీగా ఉంటుందని ప్రకటించాడు. చప్పట్లు మొదలై ఊరేగింపంత చప్పుడయింది. పక్కనున్న పనివాడు తన తువ్వాలు తీసి కాకా కూర్చున్న చోట చాప మీద పరిచాడు.

"నడువుండ్రి," అన్నాడు కాకా.

స్ట్రెచరు మీద కూడా మెడలో దండ తియ్యనివ్వలేదు. గేటు దగ్గర బారికేడ్లు జరపడానికి పోలీసులూ విద్యార్థులూ ఒకేసారి చేతులు వేశారు, ఒకరి ముఖాలు ఒకరు చూసుకోకుండా. అంబులెన్సులో మేడమ్ బీపీ తగ్గించే ఇంజెక్షను ఎడమ చేతి అంకె చూస్తూ ఎక్కించారు. నేను ముందు సీట్లో మిషనును ఒళ్ళో పెట్టుకుని మెట్టుగూడ దాటేదాకా ఆ గీతనే కళ్ళముందు చూస్తూ కూర్చున్నాను. పెద్ద ఆసుపత్రిలో స్కాను తీసి, మేం చెప్పిందే అని సర్జను ఆయన్ను లోపలికి తీసుకెళ్ళాడు. థియేటరు తలుపు దగ్గర అక్కడి నర్సు కాకా దండా, చొక్కా, ఉంగరం అన్నీ తీయించింది. పట్టీ దగ్గరికి వచ్చేసరికి కత్తెర తీసింది. మా సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ముడి విప్పకుండా ఆ పట్టీని వేళ్ళ మీదుగా లాగి తన జేబు రుమాల్లో చుట్టుకుంది.

చిరిగిన ముక్క తీసేసి ఆ చోట గుడ్డ గొట్టం కుట్టారు. తెల్లారేసరికి కాకా కళ్ళు తెరిచాడు.

నోటితో తాగొచ్చని ఆసుపత్రి వాళ్ళు అనుమతించిన రోజు పరిశోధక విద్యార్థి ఫ్లాస్కులో నిమ్మరసం తెచ్చాడు. వార్డు సిస్టర్ ఒక్క చెంచాయే అంది. మా సిస్టర్ రుమాలు విప్పి ఆ పట్టీని కాకా మణికట్టుకు తొడిగింది. విద్యార్థి చెంచాతో నిమ్మరసం పోసి, ఆ తర్వాత ముడి విప్పాడు. కాకా ఆ చుక్కను నాలుక మీద తిప్పి చూశాడు.

"ఉప్పు తక్కువున్నది," అన్నాడు.

రిలే దీక్షల్లో అందరికంటే ఎక్కువసేపు ఉన్నది తానేనని ఆయన ఆ తర్వాత ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాడు. లాయర్లూ లెక్చరర్లూ ఒక్క పగలుంటే తానెంత ఉన్నాడో లెక్కేసుకొమ్మనేవాడు. బరువులెత్తొద్దని మేడమ్ గట్టిగా చెప్పడంతో మెస్సులో ఎత్తుపీట వేసుకుని కూర్చుని గరిటె చూపిస్తూ వంట చేయించేవాడు. పందిట్లో ఆ తర్వాతి రోజు నుంచీ సిస్టర్ రెండు చేతులకూ బీపీ చూసింది. దీక్ష పట్టీ మణికట్టుకు కట్టడం మొదలైంది. ఆ సంగతి ఇంట్లో అమ్మకు చెప్పాను, అంతా చెప్పాను. ఆమె విని, ఆయన ఇప్పుడు ఏం తింటున్నాడని అడిగింది.

కొన్ని నెలలకు కాకా పరీక్షకు మా క్లినిక్కుకు వచ్చాడు. మెట్లు నిదానంగా, ఒక్కడే ఎక్కాడు. ఎడమ పక్కకు తిప్పి వరసలోనే మొదలుపెట్టాను. మొదటి చోటులో కుట్టిన గొట్టం రెండు తెల్లటి గీతలుగా, కదలకుండా నిలిచి ఉంది. కవాటం చక్కగా మూసుకుంటోంది. రెండోది, మూడోది, నాలుగోది చూశాను. అయిదో చోటుకు వచ్చి, కొంచెం గొంతు దగ్గర నొక్కుతానని చెప్పాను.

"నొక్కు బిడ్డా, గని జల్ది నొక్కు," అన్నాడు కాకా. "పొయ్యి మీద పప్పున్నది. పిలగాండ్లకు ఉప్పెంత వెయ్యాల్నో తెల్వది."